బడి నుంచి చట్టసభకు: గోదావరి డెల్టా ఉపాధ్యాయులు తరచుగా అడిగే ప్రశ్నలు

బాగా పాఠం చెప్పే మాస్టారు ఊళ్లో ఉంటే, ఎన్నికల గాలి మొదలవగానే ఎవరో ఒకరు అంటారు: "మీరు నిలబడండి మాస్టారూ, మిగతాది మేం చూసుకుంటాం." ఆ మిగతాదాంట్లో సగం ఎవరూ చూసుకోలేనిది. ఉద్యోగం ఎలా వదలాలి, ఏ తేదీకి వదలాలి, ఏ సభకు వెళ్లాలి, ఏ ఫారం నింపాలి అన్నవి మాస్టారే తేల్చుకోవాలి. ఇక్కడి జవాబులన్నీ వాటి గురించే.

సర్కారు బడి టీచరు ఉద్యోగంలో ఉంటూ ఎమ్మెల్యేగానో ఎమ్మెల్సీగానో పోటీ చేయవచ్చా?

చేయకూడదు. ప్రభుత్వం కింద లాభదాయక పదవిలో ఉన్నవారు శాసనసభకు గానీ శాసనమండలికి గానీ అనర్హులని రాజ్యాంగం 191వ అధికరణ చెబుతోంది. దానికి తోడు 1964 నాటి ఆంధ్రప్రదేశ్ ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి ఉద్యోగి రాజకీయాల్లో, ఎన్నికల్లో పాలుపంచుకోకూడదంటుంది. మొదటిది మీ నామినేషన్‌ను కొట్టేస్తుంది, రెండోది మీ ఉద్యోగానికి ఎసరు పెడుతుంది.

"మాది జిల్లా పరిషత్ హైస్కూలు కదా, మేం స్థానిక సంస్థ ఉద్యోగులం" అనే వాదన ఒకటి స్టాఫ్‌రూముల్లో ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది. నియామకం, జీతం, బదిలీ, శిక్ష అన్నీ ప్రభుత్వ శాఖ చేతిలోనే ఉన్నప్పుడు ఆ వాదనను నమ్ముకుని నామినేషన్ వేయడం జూదం. పరిశీలన రోజున ప్రత్యర్థి లాయరు ఎత్తే మొదటి అభ్యంతరం అదే.

జీతం లేని సెలవు పెట్టి పోటీ చేసి, ఓడిపోతే మళ్లీ బడికి రావచ్చా?

రాలేరు. సెలవులో ఉన్నా పదవి పదవే. ఎన్నికల కోసం ఇచ్చే సెలవంటూ ఏదీ లేదు. ఒకసారి రాజీనామా ఆమోదం పొందాక, ఓడిపోయాను కాబట్టి వెనక్కి తీసుకుంటానంటే కుదరదు.

రాజీనామా చేయాలా, స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకోవాలా?

అన్నిటికంటే ఖరీదైన పొరపాటు జరిగేది ఇక్కడే.

రాజీనామా చేస్తే అంతవరకూ చేసిన సర్వీసు పింఛను లెక్కలోంచి పోతుంది. పాత పింఛను పరిధిలో ఉన్న మాస్టారు 24 ఏళ్లు పనిచేసి, పార్టీ వాళ్లు తొందరపెట్టారని తెల్లకాగితం మీద "నా ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను" అని రాసిస్తే, ఆ ఒక్క మాటతో జీవితకాలపు పింఛను వదులుకున్నట్టే. అర్హమైన సర్వీసు 20 ఏళ్లు నిండినవాళ్లు స్వచ్ఛంద విరమణ కోరవచ్చు. పింఛను, గ్రాట్యుటీ నిలుస్తాయి. దానికి మూడు నెలల ముందస్తు నోటీసు ఇవ్వాలి. గడువు తగ్గించమని కారణం చూపి అడగవచ్చు గానీ, తగ్గిస్తారో లేదో నియామకాధికారి ఇష్టం.

అర్జీలో "రాజీనామా" అన్న పదం ఎక్కడా పడకుండా చూసుకోండి. విషయం అన్నచోట "స్వచ్ఛంద పదవీ విరమణకు అనుమతి కోరుట" అనే ఉండాలి. జీతం లేని సెలవులు ఎక్కువగా వాడినవాళ్లు 20 ఏళ్లు నిజంగా నిండాయో లేదో సర్వీసు రిజిస్టరు తీసి ముందే లెక్కవేయించుకోవాలి. చేరిన తేదీ నుంచి క్యాలెండరు చూసి లెక్కపెట్టుకుంటే తప్పు పడుతుంది.

20 ఏళ్లు నిండనివాళ్లకు రాజీనామా తప్ప దారి లేదు.

2004 తరవాత చేరినవాళ్ల సంగతి?

2004 సెప్టెంబరు 1న గానీ ఆ తరవాత గానీ చేరినవాళ్లు సీపీఎస్ (జీతంలోంచి వాటా కట్టే పింఛను పథకం) కిందకు వస్తారు. వాళ్ల ప్రాన్ (పింఛను ఖాతా నంబరు) ఖాతాలోని సొమ్ము ఎంత చేతికొస్తుంది, ఎంత యాన్యుటీకి (విడతలుగా పింఛనిచ్చే పథకానికి) పోతుంది అన్నది పింఛను నిధుల నియంత్రణ సంస్థ పీఎఫ్ఆర్‌డీఏ నిబంధనలను బట్టి ఉంటుంది. అవి మారుతూ ఉంటాయి కాబట్టి కాగితం పెట్టే వారంలోనే ట్రెజరీలో కనుక్కోండి. ఏపీజీఎల్ఐ (ప్రభుత్వ ఉద్యోగుల జీవిత బీమా) పాలసీ, బ్యాంకు పర్సనల్ లోను, గృహరుణం వాయిదా ఇవన్నీ జీతంలోంచి కోతపడుతున్నవే. జీతం ఆగిన నెలే వాయిదా తప్పితే ప్రచారం మధ్యలో బ్యాంకు ఫోన్లు మొదలవుతాయి.

ఎన్ని రోజుల ముందు కాగితం పెట్టాలి?

వెనకనుంచి లెక్కపెట్టుకోవాలి. అర్హత చూసేది నామినేషన్ల పరిశీలన రోజు నాటికి. చట్టం ప్రకారం నోటిఫికేషన్ వచ్చిన ఏడో రోజు నామినేషన్లకు ఆఖరు, మర్నాడు పరిశీలన, ఆ తరవాత రెండో రోజు ఉపసంహరణకు గడువు. మధ్యలో సెలవు రోజు పడితే ఒకటి రెండు రోజులు జరుగుతాయి.

2024 అసెంబ్లీ ఎన్నికలు చూడండి. నోటిఫికేషన్ ఏప్రిల్ 18, నామినేషన్లకు ఆఖరు 25, పరిశీలన 26, ఉపసంహరణకు గడువు 29, పోలింగ్ మే 13. ఏప్రిల్ 26 నాటికి విరమణ ఉత్తర్వు చేతిలో ఉండాలంటే మూడు నెలల నోటీసు జనవరి మూడో వారానికల్లా డీఈవో (జిల్లా విద్యాశాఖాధికారి) ఆఫీసుకు చేరి ఉండాలి. అప్పటికి ఏ పార్టీ టిక్కెట్ల జాబితా పూర్తికాదు. టిక్కెట్టు ఖాయమయ్యాక నోటీసిస్తే సమయం చాలదు, ముందే ఇస్తే టిక్కెట్టు రాకపోయినా ఉద్యోగం పోయినట్టే. ఈ చిక్కుకు మందు లేదు. టిక్కెట్టు రాకపోయినా ఊళ్లో పని చేసుకుంటాననుకున్నవాళ్లే ముందుగా కాగితం పెట్టాలి.

స్కూల్ అసిస్టెంటు అయితే నియామకాధికారి డీఈవో, గెజిటెడ్ ప్రధానోపాధ్యాయులైతే ఆర్‌జేడీ (పాఠశాల విద్య ప్రాంతీయ సంయుక్త సంచాలకులు). అర్జీ హెడ్‌మాస్టరు ద్వారా వెళ్లాలి, ఒక నకలు మీద తేదీతో రసీదు ముద్ర తీసుకోవాలి. ఫైలు ఆగే చోట్లు మామూలుగా ఇవి: పెండింగులో ఉన్న చార్జిమెమో, తీరని అడ్వాన్సు, అప్పగించని చార్జి, సర్వీసు రిజిస్టరులో సరిచూడని ఇంక్రిమెంటు. "అర్జీ పెట్టాను, నోటీసు గడువు అయిపోయింది" అన్న ధీమాతో రిటర్నింగ్ అధికారి దగ్గరకు వెళ్లవద్దు. ఆమోదించినట్టు ఉత్తర్వు, విధుల నుంచి విడుదల చేసినట్టు కాగితం రెండూ పట్టుకెళ్లండి.

ఇంకోటి: ఎన్నికల విధుల జాబితాలో మీ పేరు అప్పటికే ఎక్కి ఉంటుంది. విడుదలైన వెంటనే దాన్ని తీయించండి. అభ్యర్థి పేరిట ప్రిసైడింగ్ అధికారి ఉత్తర్వు రావడం నవ్వులాట కాదు.

ఎయిడెడ్, ప్రైవేటు, కాంట్రాక్టు టీచర్లకు కూడా ఇదేనా?

ప్రైవేటు బడి టీచరుకు ఈ అడ్డు లేదు. యాజమాన్యం ఒప్పుకుంటే చాలు. కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ వాళ్ల విషయంలో నియమించేదెవరు, తీసేసేదెవరు, జీతమిచ్చేదెవరు, అజమాయిషీ ఎవరిది అన్న ప్రశ్నలు వేసి తేలుస్తారు. జవాబు ఎటూ తేలకపోతే వదిలేసి పోటీ చేయడమే క్షేమం. ఎయిడెడ్ వాళ్లు ఒకటి గమనించాలి. 2021లో చాలా ఎయిడెడ్ సంస్థల సిబ్బందిని ప్రభుత్వంలోకి తీసుకున్నారు. "నేను ఎయిడెడే కదా" అనుకుంటున్న మనిషి కాగితాల్లో ఇప్పుడు సర్కారు ఉద్యోగి అయి ఉండవచ్చు.

ఎన్ని దారులున్నాయి?

శాసనసభలో 175 స్థానాలు, అన్నీ ప్రజలు నేరుగా ఎన్నుకునేవే. శాసనమండలిలో 58: స్థానిక సంస్థల నుంచి 20, ఎమ్మెల్యేల ఓట్లతో 20, పట్టభద్రుల నుంచి 5, ఉపాధ్యాయుల నుంచి 5, గవర్నర్ నామినేట్ చేసేవి 8. డెల్టా టీచరుకు అందుబాటులో ఉండేవి మూడు: సొంత అసెంబ్లీ నియోజకవర్గం, తూర్పు పశ్చిమ గోదావరి ఉపాధ్యాయ స్థానం, అవే జిల్లాల పట్టభద్రుల స్థానం. ఎమ్మెల్యేకు 25 ఏళ్లు, ఎమ్మెల్సీకి 30 ఏళ్లు నిండాలి. రాష్ట్రంలో ఏదో ఒక అసెంబ్లీ నియోజకవర్గంలో ఓటరై ఉండాలి.

ఈ దారుల్లో ఒకదానికి పనికొచ్చే తయారీ ఇంకోదానికి పనికిరాదు. రాజోలులోనో ఆచంటలోనో ఎమ్మెల్యేగా నిలబడేవాళ్లకు పార్టీ, కులాల లెక్క, బూత్ స్థాయి మనుషులు కావాలి. ఉపాధ్యాయ స్థానంలో ఓటర్లు వేలల్లోనే ఉంటారు, కానీ సముద్రం ఒడ్డు నుంచి ఏజెన్సీ దాకా పరుచుకుని ఉంటారు. అక్కడ నడిచేవి ఉపాధ్యాయ సంఘాలు: యూటీఎఫ్, ఎస్‌టీయూ, పీఆర్‌టీయూ, ఏపీటీఎఫ్. 2021లో ఇక్కడ గెలిచిన షేక్ సాబ్జీ, 2023 డిసెంబరులో ఆయన రోడ్డు ప్రమాదంలో మరణించాక 2024 డిసెంబరు 5 ఉప ఎన్నికలో గెలిచిన బొర్రా గోపీమూర్తి, ఇద్దరూ యూటీఎఫ్ నుంచి వచ్చి పీడీఎఫ్ (ప్రోగ్రెసివ్ డెమోక్రటిక్ ఫ్రంట్) తరఫున నిలబడినవాళ్లే. 2025లో పట్టభద్రుల స్థానాన్ని తెలుగుదేశం అభ్యర్థి పేరాబత్తుల రాజశేఖరం గెలిచారు. ఒకే నేల, ఒకే చదువుకున్న జనం, రెండు స్థానాల్లో రెండు రకాల తీర్పు. సంఘం బలాన్ని పార్టీ బలమనుకున్నా, పార్టీ బలాన్ని సంఘం బలమనుకున్నా లెక్క తప్పుతుంది.

ఉపాధ్యాయ ఎమ్మెల్సీగా నిలబడాలంటే ఉపాధ్యాయుడే అయి ఉండాలా?

అక్కర్లేదు. ఓటు వేసేవాళ్లకే ఆ అర్హత. పట్టభద్రుల స్థానంలో అభ్యర్థి పట్టభద్రుడై ఉండాల్సిన పనిలేదని 1972లో సుప్రీంకోర్టు చెప్పింది, ఉపాధ్యాయ స్థానానికీ అదే తర్కం. కాబట్టి ఉద్యోగం వదిలేసిన మాస్టారు కూడా నిశ్చింతగా పోటీ చేయవచ్చు. టీచరు కాని వ్యాపారి పోటీకి దిగినా చట్టం ఆపదు.

ఉపాధ్యాయ స్థానంలో ఓటు ఎవరికి?

ఆ నియోజకవర్గంలో నివాసం ఉండాలి. అర్హత తేదీకి, అంటే నవంబరు 1కి, ముందు ఆరేళ్లలో మొత్తం కనీసం మూడేళ్లు బోధించి ఉండాలి. బోధించిన సంస్థ ఉన్నత పాఠశాల స్థాయికి తగ్గకూడదు. ఆ మూడేళ్లు వరసగా ఉండనక్కర్లేదు. ఇటీవలే రిటైరైనవాళ్లు కూడా ఆరేళ్ల కిటికీలో మూడేళ్లు చూపగలిగితే ఓటరే.

ప్రాథమిక, ప్రాథమికోన్నత పాఠశాలల టీచర్లకు ఓటు లేదు. జీతం ఒకే ఖజానా నుంచి, ఎన్నికల డ్యూటీ అందరికీ, ఓటు మాత్రం హైస్కూలు గేటు దగ్గర ఆగిపోతుంది. ఎస్‌జీటీలకు (ప్రాథమిక తరగతులు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్లకు) ఎప్పటినుంచో ఉన్న కోపమిది, న్యాయమైన కోపమే. కానీ ఆ గీత రాజ్యాంగం 171వ అధికరణలోనే ఉంది. దాన్ని ఎమ్మెల్సీ మార్చలేడు. "గెలిపిస్తే మీకు ఓటుహక్కు తెస్తా" అని ఎవరైనా అంటే పార్లమెంటు సవరణ ఎలా తెస్తారో అడగండి.

యానాంలో పనిచేస్తున్నాను, ఎదుర్లంకలో ఉంటున్నాను. నాకు ఓటుందా?

యానాం సర్వీసు లెక్కలోకి రాదు. బోధించిన సంస్థ రాష్ట్రం లోపల ఉండాలని చట్టంలో ఉంది, యానాం పుదుచ్చేరిది. ఆరేళ్లలో మన రాష్ట్రంలోని హైస్కూల్లో మూడేళ్లు చేసి ఉంటే అప్పుడు వస్తుంది. యానాంలో కాపురముంటూ ఇటు వచ్చి పాఠం చెప్పేవాళ్లకు నివాసం దగ్గర అడ్డుపడుతుంది.

ఇలాంటి తిరకాసే ఏలూరు జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు నూజివీడు, కైకలూరు ప్రాంతాలు కృష్ణా నుంచి ఏలూరులోకి వచ్చాయి. మండలి నియోజకవర్గాలు మాత్రం పాత జిల్లాల హద్దులతోనే ఉన్నాయి. అక్కడి టీచర్లు కృష్ణా గుంటూరు స్థానం కిందకు వస్తారు. కలెక్టరు ఏలూరులో ఉన్నారని ప్రచార బండి కైకలూరు తోలితే డీజిలు దండగ.

కిందటిసారి ఓటేశాను. మళ్లీ నమోదు కావాలా?

కావాలి. అసెంబ్లీ జాబితాలా ఇది కొనసాగదు. ప్రతి సాధారణ ఎన్నికకూ జాబితాను కొత్తగా తయారు చేస్తారు. ఉపాధ్యాయులకు ఫారం 19, పట్టభద్రులకు ఫారం 18. అక్టోబరు 1న ప్రకటన వస్తుంది, నవంబరు మొదటి వారం దాకా ఫారాలు తీసుకుంటారు, తరవాత ముసాయిదా, అభ్యంతరాలు, డిసెంబరు ఆఖరుకు తుది జాబితా. ఇది మామూలు వరస.

ఫారం 19తో సంస్థ హెడ్ సంతకం చేసిన సర్వీసు ధ్రువపత్రం ఉండాలి. మూడేళ్లలో రెండు బళ్లు మారినవాళ్లు రెండు చోట్ల నుంచీ తెచ్చుకోవాలి. బదిలీల ఏడాదిలో ఎక్కువ ఫారాలు పోయేది ఇందుకే. పాత హెడ్‌మాస్టరు రిటైరై ఉంటారు, కొత్తాయన "నా హయాంలో కాదు" అంటారు. రికార్డు చూసి ఇవ్వాల్సింది ఇప్పటి హెడ్డే.

గోదావరి ఉపాధ్యాయ స్థానంలో ఇప్పటి సభ్యుడు గోపీమూర్తి పదవీకాలం 2027 మార్చితో ముగుస్తుంది. ఉప ఎన్నికలో గెలిచినవాళ్లకు దక్కేది కొత్తగా ఆరేళ్లు కాదు, ముందు సభ్యుడికి మిగిలిన కాలమే. ఆ లెక్కన వచ్చే జాబితాకు అర్హత తేదీ 2026 నవంబరు 1. 2020 నవంబరు 1 తరవాత చేసిన సర్వీసే చూస్తారు. పోటీ చేయదలచినవాళ్లకు అసలు ప్రచారం ఆ అక్టోబరులోనే. తమవాళ్లను జాబితాలో ఎక్కించలేని సంఘం మార్చిలో ఎంత తిరిగినా ఫలితం అంతంతమాత్రం.

ఓట్లు ఎలా లెక్కిస్తారు? అందరికంటే ఎక్కువ వస్తే చాలదా?

చాలదు. చెల్లిన ఓట్లలో సగం కంటే ఒకటి ఎక్కువ రావాలి. ఊహించిన అంకెలతో చూద్దాం. చెల్లినవి 15,000 అనుకుంటే కోటా 7,501. మొదటి ప్రాధాన్యంలో ఒకరికి 6,600, రెండో వారికి 5,200, మూడో వారికి 2,100, నాలుగో వారికి 1,100. ఎవరికీ కోటా రాలేదు. అడుగున ఉన్న నాలుగో అభ్యర్థిని తీసేసి ఆ 1,100 కాగితాల మీద రెండో ప్రాధాన్యం చూస్తారు: 400 మొదటి వారికి, 300 రెండో వారికి, 150 మూడో వారికి పోయాయి. మిగతా 250 మంది "1" ఒక్కటే వేసి ఊరుకున్నారు, ఆ కాగితాలు పక్కకు పోతాయి. ఇప్పుడు 7,000, 5,500, 2,250. మళ్లీ అడుగున ఉన్నవారిని తీస్తారు. ఆ 2,250లో 700 మొదటి వారికి వస్తే 7,700, కోటా దాటింది. ఒకవేళ పక్కకు పోయిన కాగితాలు ఎక్కువై ఎవరూ కోటా చేరకపోతే, చివరికి బరిలో మిగిలిన ఒక్కరే గెలిచినట్టు.

ఇందులో అభ్యర్థి నేర్చుకోవాల్సింది ఒకటుంది. మూడో నాలుగో స్థానంలో ఉండే సంఘాన్ని తిట్టిపోయవద్దు. రెండో ప్రాధాన్యం రావాల్సింది వాళ్ల ఓటర్ల నుంచే.

చదువు చెప్పేవాళ్ల ఓట్లు కూడా చెల్లకుండా పోతాయా?

పోతాయి. ప్రతి లెక్కింపులోనూ కనిపించే సంగతే. పోలింగ్ కేంద్రంలో ఇచ్చిన ఊదారంగు స్కెచ్ పెన్నే వాడాలి. సొంత పెన్ను తీస్తే ఆ ఓటు పోయినట్టే. "1" తప్పనిసరి. 2, 3 ఉండి 1 లేకపోయినా, ఇద్దరికి 1 వేసినా, "ఒకటి" అని అక్షరాల్లో రాసినా, టిక్కు పెట్టినా, సంతకం చేసినా చెల్లదు. 1, 2 వేసి 3 వదిలి 4 వేస్తే రెండు వరకే లెక్క. బ్యాలెట్ మీద పార్టీ గుర్తులుండవు. పేపర్లు దిద్దే అలవాటుతో ఇంకో అభ్యర్థి పేరు మీద ఇంటూ కొట్టేవాళ్లూ ఉన్నారు.

నామినేషన్ ఎక్కడెక్కడ చెడుతుంది?

ఎమ్మెల్యేకు ఫారం 2బి, ఉపాధ్యాయ, పట్టభద్రుల స్థానాలకు 2ఈ, రెంటికీ ఫారం 26 అఫిడవిట్. డిపాజిట్ 10,000 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 5,000. గుర్తింపు పొందిన పార్టీ ఎమ్మెల్యే అభ్యర్థికి ఒక ప్రతిపాదకుడు చాలు, స్వతంత్రులకు పదిమంది కావాలి. ఉపాధ్యాయ స్థానంలో ఎవరికైనా పదిమంది. నాలుగు సెట్ల దాకా వేయవచ్చు. వేయండి, ఒకదాంట్లో తప్పు దొర్లితే ఇంకోటి కాపాడుతుంది.

చెడే చోట్లు: ఫారం 26లో ఖాళీ వదలడం. వర్తించని చోట "లేదు", "వర్తించదు" అని రాయాలి, గీత గీయకూడదు. మీ ఓటు వేరే నియోజకవర్గంలో ఉంటే ఆ జాబితా ధ్రువీకృత నకలు జతచేయకపోవడం. ప్రతిపాదకుల్లో ఒకరి పేరు ఆ నియోజకవర్గ జాబితాలో లేకపోవడం. ఎస్‌జీటీ మిత్రుడు ఉత్సాహంగా సంతకం పెట్టేది ఇక్కడే, ఆయనకు ఓటే లేదు. అన్నిటికంటే మరిచిపోయేది ప్రమాణం. నామినేషన్ వేశాక, పరిశీలన రోజుకు ముందే చేయాలి. పరిశీలన రోజు పొద్దున్నే చేస్తానంటే ఆలస్యమైపోయినట్టే.

రిజర్వుడు స్థానాల్లో, అంటే అమలాపురం, రాజోలు, పి.గన్నవరం, కొవ్వూరు, గోపాలపురం లాంటి చోట్ల, కుల ధ్రువపత్రం మీద అభ్యంతరాలు ఎక్కువ. 1950 నాటి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికే ఎస్సీ హోదా. సర్వీసు రిజిస్టరులో, పిల్లల టీసీల్లో ఏం రాసి ఉందో ప్రత్యర్థులు తవ్వి తీస్తారు. ముందే మీరు చూసుకోండి.

ఖర్చు?

ఎమ్మెల్యే అభ్యర్థికి మన రాష్ట్రంలో పరిమితి 40 లక్షల రూపాయలు. నామినేషన్‌కు కనీసం ఒకరోజు ముందు ఎన్నికల ఖర్చుకు ప్రత్యేక బ్యాంకు ఖాతా తెరవాలి. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్కలివ్వాలి, ఇవ్వకపోతే మూడేళ్ల అనర్హత దాకా పోవచ్చు. ఓడినవాళ్లే ఎక్కువగా ఇది మరుస్తారు. ఎమ్మెల్సీకి చట్టంలో పరిమితి లేదు. పరిమితి లేదంటే పంచవచ్చని అర్థం కాదు. క్యారేజీ బాక్సు, గోడ గడియారం, కవరు ఏదైనా లంచమే.

డెల్టాలో ప్రచారం ఎలా ఉంటుంది?

ఏప్రిల్ అంటే దాళ్వా (రెండో పంట వరి) కోతలు. పగలు ఊళ్లో ముసలివాళ్లు తప్ప ఎవరూ దొరకరు. పొద్దున ఎనిమిదిలోపు, సాయంత్రం ఐదు తరవాత. ఆక్వా చెరువుల మీద పనిచేసేవాళ్లు రాత్రిళ్లు కూడా చెరువు గట్టు మీదే. లంకలకు (గోదావరి మధ్యలోని దీవులకు) పడవ టైము చూసుకుని వెళ్లాలి, ఒక లంకకు సగం రోజు పోతుంది. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు (బళ్లను కూడా దాటించే పడవ) మీద దాటితే దగ్గర, పంటు ఆగిపోతే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాలి. ఉపాధ్యాయ స్థానానికి తిరిగేవాళ్లు గౌతమికి ఇటు ఒకరోజు, వశిష్ఠకు అటు ఒకరోజు అని విడగొట్టుకుంటేనే సాగుతుంది. ఎన్నికల ప్రవర్తనా నియమావళి (కోడ్) అమల్లో ఉన్నప్పుడు సర్కారు బడి స్టాఫ్‌రూములో ప్రచారం చేయవద్దు. సాయంత్రం సంఘం ఆఫీసు, లేకపోతే ఎవరింటి అరుగో చాలు.

పాత తోటి టీచర్లు నాకు ఏజెంట్లుగా కూర్చోవచ్చా?

వద్దు. సర్కారు ఉద్యోగి ఎన్నికల, పోలింగ్, లెక్కింపు ఏజెంటుగా ఉంటే మూడు నెలల వరకూ జైలు, జరిమానా, లేదా రెండూ. మీ గెలుపు మీద కేసు పడటానికి కూడా అదే కారణం కావచ్చు. రిటైరైన మాస్టార్లు, పాత విద్యార్థులు ఉన్నారు కదా, వాళ్లను కూర్చోబెట్టండి. భార్యో భర్తో అభ్యర్థి అయితే టీచరుకు ఇంట్లో ఉండే హక్కు ఉంది, మైకు పట్టుకునే హక్కు లేదు.

గెలిచాక ఎమ్మెల్యేకూ ఎమ్మెల్సీకీ తేడా ఏమిటి?

ప్రభుత్వాన్ని నిలబెట్టేది, పడగొట్టేది శాసనసభ ఒక్కటే. రాజ్యసభ సభ్యుల, రాష్ట్రపతి ఎన్నికల్లో ఓటు కూడా ఎన్నికైన ఎమ్మెల్యేలకే. మండలి మామూలు బిల్లును మొదటిసారి మూడు నెలలు, సభ మళ్లీ పంపితే ఒక నెల ఆపగలదు. ద్రవ్య బిల్లును 14 రోజులే. ఎమ్మెల్యేకు ఐదేళ్లు, ఎమ్మెల్సీకి ఆరేళ్లు. అనుమతి లేకుండా 60 రోజులు సభకు రాకపోతే స్థానం ఖాళీ అయినట్టు ప్రకటించవచ్చు.

మండలి శాశ్వతమని కూడా అనుకోవద్దు. 1985లో రద్దయింది, 2007లో తిరిగొచ్చింది, 2020 జనవరిలో మళ్లీ రద్దుకు అసెంబ్లీ తీర్మానం చేసింది, 2021 నవంబరులో దాన్ని వెనక్కి తీసుకుంది.

టీచరుగా ఉన్న అనుభవం సభలో ఎక్కడ పనికొస్తుంది?

ప్రశ్న వేయడంలో. కొత్త సభ్యులు ఎక్కువగా "విద్యారంగ సమస్యలపై ప్రభుత్వ వైఖరి ఏమిటి" అని వేస్తారు. దానికి మంత్రి నాలుగు పేజీలు చదివి కూర్చుంటారు. బడి తెలిసినవాళ్లు "ఫలానా మండలంలోని ఉన్నత పాఠశాలల్లో గణితం స్కూల్ అసిస్టెంటు ఖాళీలు ఎన్ని, ఎప్పటినుంచి, ఎప్పటికి నింపుతారు" అని వేస్తారు. మూడు ముక్కలకూ అంకె చెప్పి తీరాలి. నక్షత్రం గుర్తున్న ప్రశ్నకే సభలో నోటి జవాబు, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేసే వీలు ఉంటాయి. గుర్తు లేనిదానికి రాతపూర్వక జవాబే. మంత్రి "పరిశీలిస్తాం" కాకుండా "చేస్తాం" అన్నారా, ఆ మాట హామీల కమిటీకి వెళుతుంది. కార్యకలాపాల నకలు తీసి పెట్టుకోండి.

వ్యక్తిగత బదిలీ, మెడికల్ బిల్లు, ఆగిపోయిన ఇంక్రిమెంటు సభకు తేవాల్సినవి కావు. డీఈవోకు లేఖ, నెల చూసి పాఠశాల విద్య కమిషనర్‌కు, ఆ తరవాత సచివాలయానికి. ప్రతి లేఖ కిందా ముందు లేఖ తేదీ రాయాలి. జులై, ఆగస్టుల్లో వరదొచ్చి బళ్లు పునరావాస కేంద్రాలైనప్పుడు ఎన్ని పనిదినాలు పోయాయో మండలంవారీగా అప్పుడే రాయించి పెట్టుకున్న సభ్యుడికి, శీతాకాల సమావేశాల్లో సిలబస్ గురించి మాట్లాడేటప్పుడు ఎవరి దగ్గరా అంకెలు అప్పు తెచ్చుకోవాల్సిన పని ఉండదు.

ఓడిపోతే ఏం చేస్తారు?

సర్కారు బడికి దారి మూసుకుంది కాబట్టి చాలామంది ప్రైవేటు కాలేజీలోనో ట్యూషన్లోనో మళ్లీ పాఠం చెబుతారు, సంఘంలో ఉంటారు, పట్టభద్రుల స్థానం వైపు చూస్తారు. ముందుగా చేయాల్సింది మాత్రం పైన చెప్పిందే: 30 రోజుల్లో ఖర్చుల లెక్క. ఎమ్మెల్యేగా నిలబడి, చెల్లిన ఓట్లలో ఆరో వంతు కంటే ఎక్కువ వచ్చి ఉంటే డిపాజిట్ 10,000 కూడా అర్జీ పెట్టి వెనక్కి తెచ్చుకోండి.